గేటు మూసే వేళకు వరుసలో ఉన్నవాళ్లు

ఉద్యోగం అయిపోయాక నేను రోజూ పొద్దున చిక్కడపల్లి లైబ్రరీకి వెళ్లి పేపర్లు చదువుకుంటున్నాను. అక్కడ నా చుట్టూ అంతా పోటీ పరీక్షలకు చదివే పిల్లలే. జిల్లాల నుంచి వచ్చి, అశోక్‌నగర్ హాస్టళ్లలో ఉంటూ, కుర్చీ దొరక్కపోతే మెట్ల మీదైనా కూర్చుని చదువుతారు. నేను సర్కారు కొలువు చేసినదాన్నని తెలిసి అప్పుడప్పుడూ ఏదో ఒకటి అడుగుతుంటారు. మొన్న ఒకమ్మాయి, “మేడం, నియోజకవర్గాల పునర్విభజన అంటే కరెక్టుగ ఏంది? ఎన్నిసార్లు చదివినా మర్చిపోతున్న” అంది. పుస్తకంలో ఉండే సమాధానమే చెప్పాను. రాసుకుంది. కానీ నేను చూసిన పునర్విభజన ఆ పుస్తకంలో ఉండదు. అది చెప్పబోతుంటే పక్క బల్ల మీది పిల్లలు ‘ష్’ అన్నారు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

మా ఇల్లు నారాయణగూడలో. నాన్న కాలం నుంచి అక్కడే. మా పాత నియోజకవర్గం చాలా చిన్నది. నారాయణగూడ చౌరస్తాలో మీటింగు పెడితే చిక్కడపల్లి దాకా మైకు వినిపించేది. నిలబడ్డవాళ్లు నడుచుకుంటూ గల్లీలన్నీ తిరిగేవారు. మా గుమ్మం ముందు ఆగి మంచినీళ్లు అడిగేవారు. నాన్న అందరికీ నీళ్లిచ్చి, అందరికీ “తప్పకుంట” అని ఒకే మాట చెప్పేవాడు. గెలిచినాయన, ఓడినాయన ఇద్దరూ చుట్టుపక్కలవాళ్లే కావడంతో ఫలితాలు వచ్చిన తెల్లారి పాలబూత్ దగ్గర ఇద్దరికీ నమస్తే పెట్టాల్సి వచ్చేది. ఓడినాయనకు ఏ మొహంతో పెట్టాలో తెలియక నాన్న ఆ ఒక్కరోజూ పాలకు నన్ను పంపేవాడు.

ఎన్నికలు వస్తే సినిమా హాళ్లుండే క్రాస్‌రోడ్స్ వైపు గోడల మీద సినిమా పోస్టర్లకూ పార్టీ పోస్టర్లకూ యుద్ధం జరిగేది. పొద్దున హీరో మొహం ఉన్నచోట సాయంత్రానికి ఒక అభ్యర్థి చేతులు జోడించి నిలబడేవాడు. మర్నాటికి మళ్లీ హీరో. జీపులు కరపత్రాలు విసురుతూ పోతే వాటి వెంట పరుగెత్తినవాళ్లలో నేనూ ఉన్నాను. ఏ పార్టీదన్నది మాకు ముఖ్యం కాదు, రంగు ముఖ్యం.

నేను గుమాస్తాగా చేరి సూపరింటెండెంటుగా దిగిపోయాను. ఎన్నికల డ్యూటీ ఆర్డర్లు రాగానే మా ఆఫీసులో సగం మందికి నడుము నొప్పి పట్టుకునేది. మిగతా సగం మంది డాక్టర్ల పేర్లు వెతికేవారు. నాకు మాత్రం ఆ డ్యూటీ అంటే లోలోపల ఇష్టం. ఆ మాట అంటే పిచ్చిదాన్ని చూసినట్టు చూస్తారని ఎప్పుడూ బయటికి చెప్పలేదు. బ్యాలెట్ కాగితాలు మడతపెట్టి ఇనప పెట్టెలో వేసే రోజుల్లో మొదలుపెట్టాను. ముద్ర ఎక్కడ గుద్దాలో తెలియక కాగితం నిండా గుద్దినవాళ్లను చూశాను. గుద్దకుండా కళ్లకద్దుకుని పెట్టెలో వేసినవాళ్లనూ చూశాను. తర్వాత మిషన్లు వచ్చాయి. మీట నొక్కితే ‘కీ’ మని కూత. ఆ కూత వినగానే మొదట్లో చాలామంది ఉలిక్కిపడి, తప్పు చేశామేమోనని నా వంక చూసేవారు.

ఆ తర్వాతే పునర్విభజన వచ్చింది. మా పాత నియోజకవర్గం పేరే లేకుండా పోయింది. ముక్కలు చేసి పక్కవాటిలో కలిపారు. కొత్త హద్దు గీత మా ఇంటికి కొంచెం దూరంలో పడింది. మేము అంబర్‌పేట్ వైపు వెళ్లాం. అశోక్‌నగర్ అవతలి పక్కకు వెళ్లింది. ఒకే కూరగాయల బండి దగ్గర బేరమాడే ఆడవాళ్లకు ఎమ్మెల్యేలు వేరయ్యారు. సొంత నియోజకవర్గంలో డ్యూటీ వేయకూడదని నియమం. గీత పుణ్యమా అని, నేను పుట్టినప్పటి నుంచి తిరిగిన అశోక్‌నగర్ నాకు పరాయి నియోజకవర్గమైంది. అందుకే ఆ మొదటి అసెంబ్లీ ఎన్నికకు నన్ను అక్కడే ఒక బడిలో ప్రిసైడింగ్ అధికారిగా వేశారు. అంటే ఆ బూత్‌కు పెద్ద.

నాతో మొదటి పోలింగ్ అధికారిగా వచ్చినాయన మా ఆఫీసులోనే సీనియర్. పాతబస్తీ మనిషి. ఉర్దూ, తెలుగు కలిపి మెత్తగా మాట్లాడేవాడు. ప్రమోషన్ పరీక్ష రాయనని మొండికేశాడు కాబట్టి హోదాలో నాకు కింద. నిజానికి నాకు ఏ అనుమానం వచ్చినా చూసేది ఆయన మొహమే. ఇంకు పెట్టే పని ఒక కొత్త టీచరమ్మది. అదే ఆమెకు మొదటి ఎన్నిక. గేటు దగ్గర ఒక కానిస్టేబుల్.

పార్టీల తరఫున ఏజెంట్లు బల్ల మీద వరుసగా కూర్చున్నారు. వాళ్లలో ఒకాయనకు అదే వీధిలో కిరాణా దుకాణం ఉంది. దుకాణం మీద మూడంతస్తులు వేసి, చదువుకునే పిల్లలకు గదులు కిరాయికిచ్చాడు. మంచి మాటకారి. పొద్దున్నే మాకందరికీ చాయ్ తెప్పిస్తానన్నాడు. ఏజెంటు ఇచ్చే చాయ్ తాగకూడదని నేను వద్దంటే, “చాయ్‌ల పార్టీ ఉంటదా మేడం?” అని నవ్వాడు.

పొద్దున హాయిగా గడిచింది. రిటైరైనవాళ్లు, స్నానం చేసి బొట్టు పెట్టుకుని వచ్చిన ఇల్లాళ్లు, స్కూటర్ మీద భార్యను తెచ్చినవాళ్లు. అందరూ ఒకరికొకరు తెలిసినవాళ్లే. వరుసలో నిలబడి పిల్లల చదువుల గురించి మాట్లాడుకున్నారు. ఎండ ముదిరే వేళకు అడిక్‌మెట్ వైపు నుంచి ఒక పెద్ద గుంపు వచ్చింది.

వాళ్లు అక్కడి ఒక బస్తీవాళ్లు. చాలామంది పాలమూరు నుంచి వచ్చి ఇళ్ల కట్టుబడి పనులు చేసుకునేవాళ్లు. ఇన్నేళ్లూ వాళ్ల బూత్ వాళ్ల బస్తీ పక్కనే ఉండేది. హద్దులు మారేసరికి ఈ బడికి వచ్చి పడ్డారు. వాళ్లు గేటులోకి రాగానే వరుసలో మాటలు ఆగిపోయాయి. ఒకావిడ తన చీర కొంగు దగ్గరికి లాక్కోవడం కిటికీలోంచి నాకు కనిపించింది. ఏజెంట్లు జాబితాల మీదికి వంగారు. ఈ కొత్త నియోజకవర్గంలో ఎవరి లెక్క ఎవరికీ తెలియదు. ఏ బస్తీ ఎటు వేస్తుందో ఎవరూ చెప్పలేరు. ఆ భయం వాళ్ల మొహాల్లోనే ఉంది.

బస్తీ నుంచి మొదటి మనిషి నా గదిలోకి రాగానే కిరాణా ఆయన చెయ్యెత్తాడు. “ఛాలెంజ్ మేడం. ఈయన ఆ పేరు గలాయన కాదు.”

ఇది మీలో చాలామందికి తెలియకపోవచ్చు. ఓటేయడానికి వచ్చిన మనిషి జాబితాలో ఉన్న మనిషి కాదని ఏజెంటు నామమాత్రపు రుసుం కట్టి అభ్యంతరం చెప్పవచ్చు. అప్పుడు ప్రిసైడింగ్ అధికారి అక్కడికక్కడే విచారణ చేయాలి. ముందుగా, దొంగ ఓటైతే జైలుకు పోతావని ఆ మనిషిని హెచ్చరించాలి. ఆ మాట నేను పైకి చదువుతుంటే వరుసలో ఉన్నవాళ్ల రంగు మారింది. వెనక నిలబడిన ఆడవాళ్లు కొందరు మెల్లగా గేటు వైపు జారుకున్నారు.

నేను అడిగాను, ఆయన చెప్పాడు. తండ్రి పేరు, ఇంటి నంబరు అన్నీ సరిపోయాయి. కార్డు మీది ఫొటో మాత్రం ఎవరిదైనా కావచ్చు, అంత నల్లగా ఉంది. కిరాణా ఆయన దగ్గర రుజువేమీ లేదు. ఓటేయనిచ్చాను. తర్వాతి మనిషి రాగానే మళ్లీ చెయ్యెత్తాడు. ఆ తర్వాతి మనిషికీ అంతే.

“వీళ్లకు ఊర్ల గూడ ఓట్లున్నయ్ మేడం. మీకు తెల్వదు” అన్నాడు.

“అది ఈడ అడిగేది కాదు. పేరు జాబితాల ఉంది. ఈ మనిషి ఆ మనిషి కాదని చూపిస్తరా?” అన్నాను.

“మీ విచారణ మీరు చేయుండ్రి” అని మళ్లీ జాబితాలోకి తల దించాడు.

వరుస కదలడం ఆగిపోయింది. ఎండలో నిలబడ్డ వీధివాళ్లకు విసుగొచ్చింది. ఆ విసుగంతా ఏజెంటు మీద కాకుండా బస్తీవాళ్ల మీదికి మళ్లింది. “వీళ్లతోని ఇదే పరేషాన్, ఇదివరకు ఇట్ల ఉండకపోయె” అని ఒకాయన గట్టిగానే అని, భార్యను తీసుకుని ఇంటికి వెళ్లిపోయాడు. బస్తీవాళ్లలోనూ చాలామంది వెనక్కి తిరిగారు. ఓటు కోసం పనికి ఆలస్యంగా వస్తామని మేస్త్రీకి చెప్పి వచ్చినవాళ్లు వాళ్లు.

మా సీనియర్ నా వైపు వంగి నెమ్మదిగా అన్నాడు. “మేడం, ఆయన మనుషుల్ని ఛాలెంజ్ చేస్తలేడు. టైమును ఛాలెంజ్ చేస్తుండు.”

పై అధికారికి ఫోన్ చేశాను. మా బూత్‌లన్నీ జీపులో తిరిగి చూసుకునే అధికారి ఆయన. “రూల్ ప్రకారం చెయ్యండమ్మా” అని పెట్టేశాడు. రూలు ప్రకారమే కదా అంతా ఆగిపోయింది! ఇన్ని ఎన్నికలు చేశాను, మిషన్ మొరాయించడం చూశాను, తాగి వచ్చినవాళ్లను చూశాను. ఇలా ఒక మర్యాదస్తుడు మర్యాదగా నా చేతులతోనే తలుపు మూయించడం చూడలేదు.

తర్వాత లోపలికి వచ్చింది ఒకామె. నలభై దాటి ఉంటాయి. ఎండకు కొంగు నుదుటి దాకా లాక్కుంది. మా సీనియర్ ఆమె పేరు పైకి చదివాడు. కిరాణా ఆయన తలెత్తకుండానే, “ఛాలెంజ్” అన్నాడు.

అప్పుడు నాకు తట్టింది. ఛాలెంజ్ చేసిన ఒక్కరి మొహమైనా ఆయన చూడలేదు. చూసిందంతా జాబితానే.

“మీరు జర లేచి ఇటు రాండ్రి” అన్నాను.

“ఎందుకు మేడం? ఈడికెల్లే చెప్తున్న గద.”

“విచారణ నాది. ఆమె ఎదురుంగ నిలబడి, ఆమె మొహం చూసి చెప్పుండ్రి, ఈమె ఆమె కాదని.”

మిగతా ఏజెంట్లు చూస్తున్నారు. తప్పక లేచాడు. ఆమె కొంగు వెనక్కి తీసింది. ఆయన ఒక అడుగు వెనక్కి వేశాడు.

“సేటూ, నువ్వా!” అంది ఆమె. గొంతులో కోపం లేదు, నిజంగానే ఆశ్చర్యం. “నన్ను గుర్తువట్టలేదా? నీ ఇంటి మీద స్లాబులు పోసిననాడు తట్టలందించింది నేనే గాదా? నా పేరు వెట్టి ‘జల్ది, జల్ది’ అని పొద్దుమీకేదాంక మొత్తుకుంటివి. నా పేరు నీకు రాకపోతే ఇంకెవలకస్తది?”

గదిలో ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. ఆమె ఇంకా చెప్తూనే ఉంది. “స్లాబు అయినంక మీ అమ్మ మాకు దావత్ వెట్టింది. నేను సాలంటుంటె మల్లొకపారి వడ్డించింది. బాగుందా అవ్వ?”

నేను అడగాల్సింది అడిగాను. “చెప్పుండ్రి. ఈమె ఎవరు?”

“ఆమెనే మేడం.”

“అభ్యంతరం?”

“వాపస్.”

బల్ల దగ్గరికి తిరిగి పోయి, జాబితా మడిచి, పక్కాయన చేతిలో పెట్టి బయటికి నడిచాడు. చాలా రోజుల తర్వాత ఒకసారి అగరుబత్తీల కోసం ఆయన దుకాణానికి వెళ్తే ఆయనే ఆ మాట ఎత్తాడు. “పార్టోళ్లు టిక్కులు వెట్టి లిస్టు చేతికిచ్చిన్రు మేడం. పేర్లు చదివిన గని మనుషులు యాదికి రాలె. ఆమె పేరు నా నోట్ల రోజు ఆడిన పేరే. అయినా యాదికి రాలె” అని తల అడ్డంగా ఊపాడు. అగరుబత్తీలు మాత్రం మంచివి ఇచ్చాడు.

ఆ రోజుకు వస్తాను. ఆమె ఓటు వేసి బయటికి పోతూ గుమ్మంలో ఆగింది. “మేడం, వాపస్ పోయినోళ్లు మల్ల వస్తే ఎయ్యనిస్తరా?”

“ఐదింటి లోపల గేటు లోపలికి రావాలె. వస్తే, ఎంతమందైనా సరే వేయిస్త.”

“గేటు లోపలికొస్తే సాలా?”

“చాలు.”

ఆమె చెంగు నడుముకు దోపుకుని వెళ్లిపోయింది.

కిరాణా ఆయన బదులు అదే పార్టీ నుంచి ఇంకో ఏజెంటు వచ్చాడు. ఎక్కడి మనిషో, ఆ వీధిలో ఎవరూ గుర్తుపట్టలేదు. ఆయన కూర్చోకముందే చెప్పాను, అభ్యంతరం ఉంటే ఆ మనిషి ఎదురుగా నిలబడి, మొహం చూసి చెప్పాలని. ఒక్కసారి లేచి నిలబడ్డాడు గానీ, ఎదుటి మనిషి ఎవరో తనకే తెలియక మళ్లీ కూర్చున్నాడు.

మధ్యాహ్నం బూత్ దాదాపు ఖాళీ అయింది. మా సీనియర్ డబ్బా విప్పి ఖిచిడీ పంచాడు. టీచరమ్మ పెరుగన్నం తెచ్చుకుంది గానీ డబ్బా మూతే తీయలేదు. “మళ్లీ వస్తారా మేడం వాళ్లు?” అని అడిగింది.

“ఏమో” అన్నాను.

“పనిమీద పోయినోళ్లు నడుమల ఎట్లొస్తరు బేటీ” అన్నాడు మా సీనియర్. ఎప్పుడూ తొందరగా తినేసే మనిషి, ఆ పూట చెంచా పట్టుకుని కిటికీలోంచి గేటునే చూస్తూ కూర్చున్నాడు.

నాలుగు దాటాక రావడం మొదలుపెట్టారు. మొదట ఇద్దరు ముగ్గురు. తర్వాత గుంపులు గుంపులుగా. పని దుస్తుల్లోనే, చేతులకు సిమెంటు ఆరి తెల్లగా ఉండగానే వచ్చారు. చంకన పిల్లలతో ఆడవాళ్లు. మెడలో తువ్వాళ్లతో మగవాళ్లు. చెంగు దోపుకుని వెళ్లినామె గేటు బయట నిలబడి ఒక్కొక్కరినీ లోపలికి తోస్తోంది. “నడువుండ్రి, గేటు లోపలికి పోతే సాలంట. మేడం మాటిచ్చింది.”

ఎండ తగ్గిందని వీధివాళ్లూ తిరిగి వచ్చారు. పొద్దున విసుక్కుని వెళ్లినాయన కూడా భార్యతో వచ్చాడు. వరుస బడి ఆవరణలో మెలికలు తిరిగింది. ఇస్త్రీ చొక్కాలూ సిమెంటు చొక్కాలూ ఒకదాని వెనక ఒకటి. వేరే వరుస పెట్టించుకునేంత చోటు లేదు.

ఐదవుతుండగా కానిస్టేబుల్ పరుగెత్తుకొచ్చాడు. గేటు దగ్గర కిరాణా ఆయన పార్టీవాళ్లు గుమిగూడారని చెబితే వెళ్లాను. వాళ్లలో ముందున్నాయన నన్ను చూడగానే చేతి గడియారం చూపించాడు. “టైమైంది మేడం. మిషన్ బంద్ చేయిపియ్యుండ్రి.”

“గేటు మూయిస్త. మిషన్ బంద్ కాదు. లోపలున్నోళ్లందరు వేసినంకనే.”

“ఇంతమంది వేసేసరికి చీకటైతది!”

“కానియ్యుండ్రి” అన్నాను. నా గొంతు అంత గట్టిగా ఉంటుందని నాకే తెలియదు.

గేటు మూశాక వరుసలో ఉన్నవాళ్లకు సంతకం పెట్టిన చీటీలు ఇవ్వాలి. చివర నిలబడ్డ మనిషితో మొదలుపెట్టి ముందుకు రావాలి. వెనక ఇంకెవరూ చేరకుండా అదొక జాగ్రత్త. ముందుగా మాకిచ్చిన చీటీలు చాలవని తెలిసి మా సీనియర్ తెల్లకాగితాలు చింపి ఇస్తుంటే నేను సంతకాలు పెట్టుకుంటూ వరుస కొసకు వెళ్లాను.

కొసన నిలబడ్డ మనిషి కిరాణా ఆయన. ముసలి తల్లిని పట్టుకుని నిలబడి ఉన్నాడు. పొద్దున ఏజెంటుగా కూర్చున్నాడే గానీ తన ఓటు వేయనేలేదు.

గేటు అవతల నుంచి పార్టీ ఆయన అరిచాడు. “నువ్వేంది గీడ? ఇటు రా!”

“అమ్మతోని ఓటేయిపియ్యాలె.”

“మరి నీదేంది?”

“నాది గూడ ఉంది” అన్నాడు. కదల్లేదు.

మొదటి చీటీ ఆయనకే ఇచ్చాను. చీటీ వైపు చూశాడు, నా వైపు చూడలేదు. తల్లి మాత్రం హుషారుగా ఉంది. ముందున్న ఆడవాళ్లలో ఇద్దరిని పోల్చుకుని, “ఇల్లయినంక మల్ల మొహం చూపకపోతిరి గదనే” అని దెబ్బలాడుతోంది. గేటు బయట ఉన్నామెను చూసి చెయ్యి ఊపి పిలిచింది. ఆమె కమ్మీల్లోంచి చెయ్యి పెట్టి ముసలామె చెయ్యి పట్టుకుంది. వరుసలో ఉన్నవాళ్లు, “అవ్వా, నువ్వు ముందుకు పో” అని దారిచ్చారు. అవ్వ ఓటేసి వచ్చి వరండాలో బెంచీ మీద కూర్చుంది. కొడుకు మాత్రం వరుస కొసనే ఉండిపోయాడు. ఒక్కొక్కరే లోపలికి వెళ్తుంటే ఒక్కొక్క అడుగు ముందుకు వేశాడు.

ఆ ఎన్నికలో ఎవరు గెలిచారని అడగకండి. ఆ బస్తీ ఓట్లు ఎటు పడ్డాయో నాకు తెలియదు. తెలుసుకోవాలని కూడా అనిపించలేదు. గెలిచినాయనా ఓడినాయనా అప్పటికి నాకు పాలబూత్ దగ్గర ఎదురయ్యే మనుషులు కారు. పోస్టర్ల మీద చూసే మనుషులు. నా మనసులో ఆ నియోజకవర్గమంటే ఆ ఆవరణే. కొత్త గీత లోపలికి ఎవరెవరు వచ్చారో వాళ్లంతా ఆ సాయంత్రం ఒకరినొకరు మొదటిసారి దగ్గరగా చూసుకున్నారు. కొందరికి నచ్చింది, కొందరికి నచ్చలేదు. ఎవరూ వరుస వదిలి పోలేదు.

గదిలో ట్యూబ్‌లైటు వేశాక కిరాణా ఆయన లోపలికి వచ్చాడు. టీచరమ్మ వేలికి ఇంకు పెట్టింది. కూత వినిపించింది. ఆయన తల్లిని పట్టుకుని గేటు దాటగానే నేను మిషన్ ముగింపు మీట నొక్కాను. మా సీనియర్ లక్క కరిగించి సీళ్లు వేస్తుండగా బయట జీపు ఆగింది. ఫోన్లో రూలు ప్రకారం చెయ్యమన్న అధికారి చెమటలు తుడుచుకుంటూ లోపలికి వచ్చాడు.

“అన్ని బూత్‌లూ ఎప్పుడో అయిపోయాయి. మీ ఒక్కరిదే ఆలస్యం. ఏమైందమ్మా ఇక్కడ? ఏమన్నా గొడవా?”

నేను నోరు తెరిచేలోగా మా సీనియర్, లక్క మీంచి కళ్లు తిప్పకుండానే జవాబిచ్చాడు.

“గొడవేం లేదు సార్. జనం వచ్చిన్రు.”